సున్నా కింద కోసేసిన బొమ్మ

పరమాణువు నడిమధ్యలో ఉండే కేంద్రకం తిరుగుతుందని, ఆ తిరగడం మీదే నేను పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పినప్పుడు మా ఆయన తన టెంట్ హౌస్ గోదాములో కుర్చీలు తుడిపిస్తున్నాడు. "తిరిగితే తిరగనీయి. నీకేం నొప్పి?" అన్నాడు. మాకు పెళ్లయిన కొత్త అది. నా పరిశోధన మీద మా ఇంట్లో జరిగిన మొదటి చర్చ అదే, చివరిది కూడా అదే అవుతుందనుకున్నాను.

నేను మెదక్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఊళ్లో మాత్రం టెంట్ హౌస్ ఆయన భార్యగానే నన్ను ఎరుగుదురు. ఆదివారం వచ్చిందంటే చర్చి చూడ్డానికి వచ్చినవాళ్ల కార్లూ ఆటోలూ మా సందు మూల దాకా నిలబడతాయి. ఆ హారన్ల మధ్యే నా పరిశోధన సాగింది. మెదక్‌లో పరిశోధనేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ప్రయోగం ఇక్కడ జరగదు. ఉత్తరాదిలో ఒక యాక్సిలరేటర్ కేంద్రం ఉంది. అక్కడ మహావేగంతో వచ్చే అయాన్ల ధారను పలచని లోహపు రేకు మీద కొడతారు. రెండు కేంద్రకాలు ఢీకొని ఒకటైపోతాయి. అలా పుట్టిన కొత్త కేంద్రకం గిర్రున తిరుగుతుంది. చుట్టూ చలిలో కూర్చున్న జెర్మేనియం డిటెక్టర్లు దాని నుంచి వచ్చే గామా కిరణాలను పట్టుకుంటాయి. ఆ పని కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని ఎవరి ఊరికి వాళ్లు వచ్చేస్తారు. అసలు చాకిరీ అప్పుడే మొదలవుతుంది. నేను దాన్ని మా వంటింటి బల్ల మీద చేశాను.

కేంద్రకం నున్నగా గుండ్రంగా ఉంటే అది తిరుగుతోందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. కోలగా, కోడిగుడ్డులా ఉన్నవే తిరుగుతూ పట్టుబడతాయి. అలాంటిది వేగంగా తిరిగి తిరిగి మెట్టు మెట్టుగా నెమ్మదిస్తుంది. మెట్టు దిగినప్పుడల్లా ఒక గామా కిరణాన్ని వదులుతుంది. పై మెట్లు ఎత్తు, కింది మెట్లు పొట్టి. ఆ గామాలన్నీ కంప్యూటర్ తెర మీద వరసగా, దాదాపు సమాన దూరంలో, దువ్వెన పళ్లలా లేస్తాయి. ఒక్కో పన్నును మేము గీత అంటాం. నా దువ్వెన మొదటిసారి తెర మీద తేలిన సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగి, గట్టంతా పారి, నేల మీదకి కారాయి. నేను తల తిప్పి చూడలేదు. ఆ సంతోషాన్ని ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఆ తర్వాత చెప్పబోయేదంతా రోత.

దువ్వెన పై కొసన, అంటే కేంద్రకం బాగా వేగంగా తిరిగే చోట, ఒక గీత తేడాగా కనిపించింది. వరస ప్రకారం అంతకుముందు దానికంటే ఎత్తు మెట్టు రావలసిన చోట పొట్టి మెట్టు వచ్చింది. అది నిజమైతే, లోపల జంటగా అతుక్కుని ఉండే రెండు కణాలు ఆ వేగానికి విడిపోయాయని అర్థం. ఇలాంటిది వేరే కేంద్రకాల్లో ఇదివరకే చూశారు. కానీ మేము చూస్తున్న కేంద్రకంలో అది ఇంత తొందరగా జరగడం పెద్ద వార్త. హైదరాబాదులో ఉన్న మా గైడు ఎగిరి గంతేశాడు. "ఇగ మన పేపర్ ఎక్కడికో పోతది," అన్నాడు. ఆయనను గురించి 'అన్నారు' అని రాయాలని నాకూ తెలుసు. చెయ్యి రావడం లేదు.

మా పని తీరు ఇక్కడ కాస్త చెప్పాలి. అయాన్లు ఢీకొన్నప్పుడు పుట్టేది ఒక్క రకం కేంద్రకం కాదు. నాలుగైదు రకాలు ఒకేసారి పుట్టుకొస్తాయి. వాటి గామాలన్నీ కలగాపులగంగా వచ్చి పడతాయి. ఏ గామా ఎవరిదో తేల్చడానికి మేము గేటు పెడతాం. ఫలానా గీతతో పాటు అదే క్షణంలో వచ్చినవి మాత్రమే చూపించమని కంప్యూటర్‌కు చెప్పడమే గేటు. ఒక ఇంటి మనిషిని పిలిస్తే వెంట ఆ ఇంటివాళ్లే రావాలి. అయితే ఒక్కోసారి రెండు వేరు వేరు కేంద్రకాల గామాలకు ఒకే శక్తి ఉంటుంది. అప్పుడు తెర మీద రెండూ ఒకే గీతగా కనిపించి మోసం చేస్తాయి. మా క్లాసులో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరున్నారు. హాజరు పిలిస్తే ఒకరి బదులు ఇంకొకరు పలుకుతారు, నేను తలెత్తి మొహం చూస్తే గాని తేలదు.

పై కొసనున్న ఆ గీత మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పైకి పోయేకొద్దీ గీతలు బలహీనపడాలి. ఇది మాత్రం బాగా బలిసి ఉంది. దసరా సెలవుల్లో కూర్చుని, పక్క కేంద్రకానికి తప్ప ఇంకెవరికీ చెందని ఒక గీత మీద గేటు పెట్టి చూశాను. మా పెద్ద వార్త అక్కడ నిక్షేపంగా నిలబడి ఉంది. అది మా ఇంటి మనిషి కాదు. పక్కింటివాడు వచ్చి మా పంక్తిలో కూర్చుని భోంచేస్తున్నాడు, మేమేమో వాడికి మర్యాదలు చేస్తున్నాం.

వెంటనే గైడుకు ఫోన్ చేశాను. "సార్, పైన ఉన్న గీత మనది కాదు. పక్కదాని గేట్ల కూడ వస్తున్నది," అన్నాను.

"చిన్న చిన్నవి పట్టుకొని కూసుంటవేందమ్మా? పేపర్ పంపే టైంల గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల?" అని కసిరాడు. ఆ వెంటనే గొంతులో పాకం పోసినట్టు మారిపోయాడు. "గది తర్వాత చూద్దాం గని, మాకు ఏడుపాయల దుర్గమ్మ మొక్కున్నది. మనుమని పుట్టెంటికలు. మీరు గక్కడోళ్లే కద. టెంటు, గంజులు, వంటాయన... మీ ఆయనదే కద దుకాణం. యాట సుత జర మంచిది చూడుండ్రి. గక్కడనే కూసొని నీ గీత సంగతి కూడ చూద్దాం."

ఇందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మా గైడు దగ్గర అది ఆచారం. నా ముందు పీహెచ్‌డీ చేసినతను ఆయన కూతురి పెళ్లిలో పార్కింగు చూసుకున్నాడు. ఇంకొకామె ఆయన భార్య కంటి ఆపరేషన్‌కు దవాఖానలో తోడు పడుకుంది. ఎవరికి ఏది చేతనైతే అది పిండుకుంటాడు. నేను టెంట్ హౌస్ ఇంటి కోడలినని ఎప్పుడో మనసులో పెట్టుకుని ఉంటాడు. పుట్టువెంట్రుకల మొక్కు వచ్చేదాకా ఇన్నాళ్లు ఆగాడంతే.

మా ఆయన మాత్రం ఉత్సాహంగా లేచాడు. "రానీయి, గైడు సార్ కద. నీ పట్టా చేతికొచ్చే దాంక మంచిగ చూసుకోవాలె," అని మంచి షామియానా, కొత్త కుర్చీలు తీయించాడు. యాటను కూడా తానే పోయి చూసి వచ్చాడు.

ఏడుపాయలలో మేకను కోయడం నాకు రోత కాదు. ముందే చెబుతున్నాను, నన్ను ఏదో సుకుమారినని అనుకోవద్దు. మా ఇంట్లోనూ మొక్కులకు యాటలు తెగుతాయి. బోటీ కడిగేది నేనే. మంజీర ఒడ్డున పొగ, ఈగలు, తొక్కిపడేసిన విస్తళ్లు, బురదలో కూరుకుపోయిన ప్లాస్టిక్ గ్లాసులు, ఇవన్నీ చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. నాకు రోత పుట్టింది మనిషిని చూసి.

దర్శనం, వెంట్రుకలు తీయించడం అయ్యాక ఆయన వచ్చి షామియానా నడుమ కుర్చీలో కూలబడ్డాడు. యాట చిన్నగా ఉందన్నాడు. బగారన్నంలో నూనె తక్కువైందన్నాడు. వచ్చిన చుట్టాలకు నన్ను చూపించి, "మా స్కాలరు. గీమె ఉండంగ మనకేం ఫికరు లేదు," అని పరిచయం చేశాడు. ఆ పరిచయం విన్నాక ఒకాయన నన్ను మంచినీళ్లు అడిగాడు, ఇంకొకాయన ఉల్లిగడ్డ ముక్కలు అడిగాడు. కేంద్రకాల గురించి నన్ను ఎవ్వరూ ఏమీ అడగలేదు. అడిగితే మాత్రం ఆ ఉల్లిగడ్డలు పంచుతూ ఏం చెప్పేదాన్ని?

అందరి తిండి సగం పడ్డాక, "తియ్యమ్మా ల్యాప్‌టాప్. గీత గీత అంటున్నవ్ కద," అన్నాడు. ఎడమ చేతిలో నల్లి బొక్క ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని సర్రున లోపలి మూలుగ పీల్చి, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే నాకి, ఆ వేళ్లతోనే నా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. మీటల మీద పసుపు నూనె అంటింది. గుడ్డ ఇస్తానన్నాను. "ఏం కాదులే," అన్నాడు. ఆ ల్యాప్‌టాప్ తనదైతే ఏమయ్యేదో నాకు తెలియదు.

తర్వాత ఆయన చేసింది అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. గేటు పెట్టినప్పుడు మనకు కావలసిన గామాలతో పాటు కొంత చెత్త కూడా జొరబడుతుంది. ఆ చెత్తను వదిలించుకోవడానికి, గీతలేమీ లేని ఖాళీ జాగా ఒకటి పక్కన చూసుకుని, అక్కడ ఉన్నదాన్ని తీసివేస్తాం. ఖాళీ జాగా ఏదన్నది మనమే ఎంచుకోవాలి. కంప్యూటర్ అడ్డు చెప్పదు. మా గైడు పక్క కేంద్రకం మీద నేను పెట్టిన గేటునే తెరిచి, ఆ జాగాను జరిపి జరిపి, సరిగ్గా పక్క కేంద్రకానిదే ఇంకో గీత మీదికి తెచ్చి పెట్టాడు. అంటే పక్కింటి మనుషులనే చెత్త కింద జమకట్టి, పక్కింట్లోంచి తీసేయమన్నాడు. కంప్యూటర్ తీసేసింది. నేను దసరా సెలవుల్లో పట్టుకున్న గీత తెర మీద మాయమైపోయింది.

"చూసినవా? ఏడున్నది నీ గీత?" అన్నాడు.

నేను తెర కింది భాగం చూపించాను. "సార్, ఉండాల్సిన మిగతా గీతలు సుత మైనస్‌లకు పోయినయ్ చూడుండ్రి. గామా వస్తే వస్తది, లేకుంటే రాదు. మైనస్ ఎట్ల వస్తది?"

బొమ్మలో సున్నా గీటు కింద పెద్ద పెద్ద గుంటలు పడి ఉన్నాయి. పుట్టిన గామాలకంటే తీసేసిన గామాలు ఎక్కువైతే అలాగే పడతాయి. మొదటి ఏడాది చదివే స్కాలరు కూడా ఆ గుంటలు చూస్తే ఇక్కడెవరో వెధవ పని చేశారని పట్టేస్తాడు. ఆయన వాటిని చూశాడు. ఒక్క క్షణం నమిలేది కూడా ఆపాడు. సిగ్గుపడతాడేమోనని నేను ఇంకా ఆశ పడుతూనే ఉన్నాను. ఆయన వేలు చాపి, బొమ్మ కింది అంచును పట్టుకుని, సున్నా దాకా పైకి లాగాడు. గుంటలు అంచు కిందికి పోయి కనబడకుండా అయ్యాయి.

"ఇగో. ఇప్పుడు మైనస్ లేదు," అన్నాడు. "గిదే బొమ్మ పెట్టు. గీ గీత లేకుంటే నీ థీసిస్‌ల కొత్తది ఏమున్నది? ఇంకో రెండేండ్లు కూసుంటవా? నేను సంతకం పెట్టంది ఎట్ల బయట పడ్తవ్?" అని మళ్లీ బొక్క అందుకున్నాడు.

మా ఆయన బకెట్ పట్టుకుని కూర వడ్డిస్తూ అక్కడే నిలబడ్డాడు. గైడు ప్లేటులో ఇంకో గరిటె వేశాడు. నేను ల్యాప్‌టాప్ మూసి నది దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. ఒడ్డున ఎవరిదో యాట పేగులు నీళ్లలో నానుతున్నాయి. వాటిని చూస్తే నాకు ఏమీ అనిపించలేదు, షామియానా వైపు మాత్రం తిరిగి చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం మెదక్‌లో మా గోదాము ముందు వంట గంజులు తోముతూ మా ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. "గా ఒక్క గీత కోసం ఇంతగనం లొల్లెందుకు? సార్ చెప్పినట్టు పెట్టెయ్యి. పట్టా రానీ, తర్వాత నీ ఇష్టం."

"తర్వాత నా ఇష్టం ఎట్లయితది? అది నా పేరు మీద ఉంటది."

"ఎవ్వలు చూస్తరే?"

"నేను చూస్త."

ఆయన తల గంజులోకి వంచి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. ఆయన తప్పు ఏమీ లేదు. పీహెచ్‌డీ లేకపోతే వచ్చే ఏడాది నన్ను కొనసాగించడం కష్టమని మా ప్రిన్సిపల్ అప్పటికే రెండుసార్లు చెవిలో వేశాడు. ఆ ఉద్యోగం పోతే నేనూ గోదాములో కుర్చీలు తుడిపించాలి. అయినా ఆ వారమంతా మా ఇంట్లో మాటలు తక్కువగానే నడిచాయి. ఆయన మీద కూడా నాకు అసహ్యం వేసిందని దాచడం ఎందుకు? వేసింది. ఆ గరిటె కూర నా కళ్ల ముందు నుంచి పోలేదు.

నన్ను ఎక్కువగా తొలిచింది ఒకటే. ఆ కేంద్రకం ఎవరికీ పనికొచ్చేది కాదు. దానితో మందు రాదు, కరెంటు రాదు, పంట పండదు. అది ఎంత వేగానికి లోపల విడిపోయిందో తెలిసినా తెలియకపోయినా మెదక్ బస్టాండులో బస్సులు టైముకు రావు. దాని గురించి అబద్ధం చెబితే వచ్చేది ఒక పేపరు, ఆ పేపరు మీద ఒక పేరు. ఇంత చిన్న దానికి మనిషి ఇంత దిగజారతాడా అని నేను మీటల సందుల్లోని నూనెను ఇయర్ బడ్‌తో తుడుస్తూ కూర్చున్నాను. నూనె వదిలింది గాని మసాలా వాసన చాలా రోజులు వదల్లేదు.

థీసిస్ సమర్పించే ముందు అందరి ఎదుటా ఒక సెమినార్ ఇవ్వాలి. గైడు తన బొమ్మ పెట్టిన స్లయిడ్లు వాట్సాప్‌లో పంపి, "గివే ఫైనల్" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. సెమినార్ రోజు పొద్దున నర్సాపూర్ మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఒక్క స్లయిడు మార్చాను. అడవి దాటేలోగా పని అయిపోయింది. ఎడమ పక్కన నా బొమ్మ, కుడి పక్కన ఆయన బొమ్మ పెట్టాను. ఆయన బొమ్మ కింది అంచును మళ్లీ కిందికి దించి, గుంటలన్నీ కనిపించేలా వదిలేశాను. సెమినార్‌కు వచ్చినవాళ్లకు భోజనం స్కాలరే పెట్టాలన్నది కూడా మా దగ్గర ఆచారం కనక, మా ఆయన ట్రాలీ ఆటోలో వంటలు పెట్టుకుని వెనక వస్తున్నాడు.

యాక్సిలరేటర్ కేంద్రం నుంచి ఒక పెద్దావిడ నిపుణురాలిగా వచ్చింది. గీతలు చూస్తూ జుట్టు నెరిసిన మనిషి. నేను ఆ స్లయిడు వేసి, పై కొసన ఉన్న గీత మా కేంద్రకానిది కాదని, పక్క కేంద్రకానిదని, అందువల్ల మా దువ్వెన దాని కిందే ఆగిపోతుందని చెప్పాను. మా గైడు వైపు చూడలేదు. చూడకపోయినా ఆయన కుర్చీ కిర్రుమనడం వినబడింది.

ఆవిడ లేచి తెర దగ్గరికి వచ్చి ఆ గుంటలను చాలాసేపు చూసింది. ఈ గీత తీసేస్తే నీ పెద్ద వార్త పోయినట్టే కదా అని అడిగింది. పోయినట్టేనని చెప్పాను. మిగిలిన మెట్లు చాలు, థీసిస్ ఇలాగే సమర్పించవచ్చని ఆవిడ మా వాళ్లందరి ముందూ చెప్పింది. ఆ తర్వాత, ఇంత జాగ్రత్త నీకు ఎవరు నేర్పారని అడిగింది.

నేను నోరు తెరిచేలోగానే మా గైడు లేచి నిలబడ్డాడు. మొదటి రోజు నుంచీ తాను ఈమెకు అదే చెబుతున్నానని, మైనస్‌లోకి పోయిన బొమ్మను ఎన్నడూ నమ్మవద్దని నూరిపోశానని చక్కటి ఇంగ్లిషులో అన్నాడు. అంతా మెచ్చుకోలుగా తలలు ఊపారు. నా ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం జవాబు కోసం నా వైపే చూస్తోంది.

"అవునండీ, సారే నేర్పారు," అన్నాను. "ఏడుపాయలలో మటన్ తింటూ, ఉన్న గీతను ఎలా మాయం చేయాలో, గుంటలు కనబడకుండా బొమ్మను ఎలా కోసెయ్యాలో స్వయంగా చేసి చూపించారు. కుడి పక్కనున్నది ఆయన చేసిన బొమ్మే."

అప్పుడు మా గైడు పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఆయన నవ్వగానే డిపార్ట్‌మెంటు పెద్దాయన నవ్వాడు, వెనక బెంచీల్లో స్కాలర్లు నవ్వారు, చివరికి ఆ పెద్దావిడ కూడా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చిరునవ్వు నవ్వి కూర్చుంది. గురువునే ఆటపట్టించేంత చనువున్న శిష్యురాలినని నన్ను ఎవరో మెచ్చుకున్నారు. నేను తెర పక్కన పాయింటర్ పట్టుకుని నిలబడ్డాను. నా మొహంలో నవ్వు లేదని ఎవరూ గమనించలేదు.

భోజనాల దగ్గర ఆయనే నా పక్కకు వచ్చాడు. "మంచిగ చెప్పినవమ్మా. జోకు సుత మంచిగ వేసినవ్," అన్నాడు.

"జోకు కాదు సార్. నేను నిజంగనే చెప్పిన."

"తెలుసు," అన్నాడు ఆయన మెల్లగా. "గందుకే ముందుగాల నేనే నవ్విన." ఆ తర్వాత ప్లేటులో పెరుగు వేసుకుని కలుపుకున్నాడు.